సైకిల్‌కి ఏ లైటు కొనాలి? రేణిగుంట – తిరుచానూరు, రాత్రి పది దాటాక

#1 సెకండ్‌షిఫ్ట్
సెకండ్ షిఫ్ట్ రాత్రి పదికి వదుల్తారు. రేణిగుంట వైపు నుంచి తిరుచానూరు దాకా బైపాస్ మీద పన్నెండు కిలోమీటర్లు, అందులో సగం దూరం చిమ్మచీకటి. ఆన్‌లైన్‌లో 700 పెట్టి తెప్పించిన లైటు డబ్బా మీద 1000 ల్యూమెన్లు (వెలుగు కొలత), 1200 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే ఛార్జి), 6 గంటలు అని రాసుండాది. నలభై నిమిషాలకే ఆరిపోతా ఉంది. దానికి తోడు ఎదురొచ్చే బండ్లోళ్లంతా నాకు డిప్పర్ కొడతా ఉన్నారు. సైకిలు పాత నల్లది, రాడ్ బ్రేకులు, హ్యాండిల్ పైపు సన్నం. ముందుకీ వెనక్కీ కలిపి 2000 లోపల తెగాలి. కంపెనీ పేర్లు వద్దు, ఏం చూసి కొనాలో చెప్పండి.

#2 చక్రం24
నువ్వు ఎదుటోడికి కనపడడం ఒక పని, గుంత నీకు కనపడడం ఇంకో పని. రెంటికీ కావాల్సిన వెలుగు వేరు. తిరుపతిలో లీలామహల్ సర్కిల్, రామానుజ సర్కిల్ మాదిరి వీధి దీపాలుండే చోట్ల 50 నుంచి 100 ల్యూమెన్లు చాలు, అది కనపడడానికే. బైపాస్ చీకటికి 200 నుంచి 400 కావాలి. అంతకు మించి కొంటే బ్యాటరీ తినడం, ఎదుటోడి కళ్లు చెదరగొట్టడం తప్ప ఒరిగేదేం లేదు.

#3 సోల్డరింగ్_ఐరన్
డబ్బా మీద అంకెల్ని ఎవరైనా లెక్కేసి చూసుకోవచ్చు. ఎంఏహెచ్‌ని వెయ్యితో భాగించి, సెల్లు వోల్టేజీ 3.7తో గుణిస్తే వాట్ అవర్లు. నీ 1200కి వచ్చేది 4.4. తెల్ల ఎల్‌ఈడీ, దాని సర్క్యూటు, అద్దం, అన్నింటి నష్టం పోగా వాటుకి సుమారు 100 ల్యూమెన్లు చేతికొస్తాయి. అంటే 1000 ల్యూమెన్లకి 10 వాట్లు లాగుతుంది. 4.4ని 10తో భాగించు, అరగంట కూడా రాదు. నీకు నలభై నిమిషాలు వచ్చిందంటే ఆ లైటు 650కి మించి ఇవ్వడం లేదు. 6 గంటలన్నది అన్నింటికన్నా చిన్న మోడ్‌దో, మిణుకు మోడ్‌దో అయ్యుంటుంది. వెయ్యి ఒక మోడ్‌ది, ఆరు గంటలు ఇంకో మోడ్‌ది, రెంటినీ పక్కపక్కన అచ్చేస్తారు.

ఇప్పుడు నీకు కావాల్సింది లెక్కేద్దాం. 300 ల్యూమెన్లు, అంటే 3 వాట్లు. 2500 ఎంఏహెచ్ సెల్లు ఉంటే 9.25 వాట్ అవర్లు, మూడు గంటలు. పన్నెండు కిలోమీటర్లకి నీకు యాభై నిమిషాలు పడతాది. మూడో రోజు ఛార్జింగ్ పెడితే సరిపోతాది. సెల్లు ఏడాదిన్నర వాడాక కొంత తగ్గినా ఇల్లు చేరతావు.

#4 నైట్‌డ్యూటీ_రుయా
18650 సెల్లు విడిగా తీసి మార్చుకునే రకం కొనడం మేలా, లోపలే బిగించినదా?

#5 సోల్డరింగ్_ఐరన్
మార్చుకునేదే మేలు, సెల్లు అసలుదైతే. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, అదే ఆ అంకెకి అర్థం. ఆ సైజులో మామూలుగా దొరికే మంచి సెల్లయినా 3500 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోతాది. 9900 అని రాసుంటే ముట్టుకోవద్దు. అంగట్లో వంటింటి త్రాసుంటే తూచి చూడు, అసలు సెల్లు 45 గ్రాముల దగ్గర తూగాలి. ముప్పై గ్రాములే ఉంటే లోపల చిన్న సెల్లు పెట్టి పైన పెద్ద తొడుగు తొడిగినట్టు. ఇంకోటి, పైనున్న ప్లాస్టిక్ తొడుగు చిరిగిన సెల్లు వాడకండి. పక్క గోడ మొత్తం మైనస్సే కాబట్టి, ప్లస్ దగ్గర ఏ ఇనుము తగిలినా షార్టు.

#6 అలిపిరి_వాలు
డిప్పర్ కొట్టేదాని సంగతి ఎవరూ ఎత్తలేదు. నీ లైటు గుండ్రంగా పడే టార్చి రకం. సగం వెలుగు రోడ్డు మీద పడితే తక్కిన సగం ఎదుటోడి మొహాన పడతాది. జర్మనీ రూలు ప్రకారం తయారయ్యే సైకిల్ లైట్లు ఉంటాయి, డబ్బా మీద ఎస్‌టీవీజెడ్‌ఓ అని ఉంటాది. వాటికి కారు హెడ్‌లైటు మాదిరి పైన గీత కోసినట్టు వెలుగు ఆగిపోతాది. గీత కింద రోడ్డంతా పరుచుకుంటాది, గీత పైన చీకటి. ఆ రకంలో 150 ల్యూమెన్లది కూడా 400 టార్చి కన్నా రోడ్డు బాగా చూపిస్తాది, ఎందుకంటే పైకి పోయి వృథా అయ్యేది లేదు. వాటి మీద ల్యూమెన్లకి బదులు లక్స్ రాస్తారు, 10 మీటర్ల దూరంలో పడే వెలుగు కొలత అది. చీకటి రోడ్డుకి 40 లక్స్ ఉంటే హాయిగా పోవచ్చు.

#7 చక్రం24
అది మన దగ్గర 2000 లోపల దొరకడం కష్టం. ఉన్న టార్చినే కిందికి వంచుకోమని చెప్పండి ముందు.

#8 అలిపిరి_వాలు
వంచడానికీ కొలత ఉంది. రాత్రిపూట గోడకి సరిగ్గా 5 మీటర్ల దూరంలో, సమమైన నేల మీద సైకిలు నిలబెట్టు. లైటు నేల నుంచి ఎంత ఎత్తుందో టేపుతో కొలువు, మామూలుగా 90 సెంటీమీటర్లు వస్తాది. గోడ మీద అందులో సగం, అంటే 45 దగ్గర సుద్దముక్కతో గీత గియ్యి. వెలుగు మధ్యభాగం ఆ గీత మీద పడేటట్టు వంచి బిగించు. 5 మీటర్లలో సగం దిగింది కాబట్టి 10 మీటర్ల దగ్గర నేలని తాకుతాది. సైకిలు మీద మనిషి కూర్చుని ఉండగానే చూడాలి, లేకుంటే బరువుకి టైర్లు కుంగినప్పుడు లెక్క మారుతుంది.

#9 కాణిపాకం_రోడ్డు
#8తో నేను సగమే ఒప్పుకుంటా. 10 మీటర్లన్నది నిదానంగా తొక్కేవాళ్లకి. లెక్క చూడండి. గంటకి 15 కిలోమీటర్ల వేగంలో, గుంత చూసి బ్రేకు పట్టేదానికి ఒకటిన్నర సెకన్లు అనుకుంటే, ఆలోగానే 6 మీటర్లు పోతావు. బ్రేకు పట్టాక ఇంకో 3. మొత్తం 9, సరిపోయింది. అదే 20 వేగంలో 8, ఆపైన 5, మొత్తం 13 మీటర్లు. వెలుగు 10 దగ్గర ఆగితే గుంతలో పడ్డాకే గుంత కనపడతాది. పైగా ఇది మంచి బ్రేకుల లెక్క. రాడ్ బ్రేకు, వాన తడి రిమ్ము అయితే ఇంకా దూరం పోతాది.

గీత కోసినట్టుండే లైటుకి సగం రూలు అసలే వద్దు. లైటు 90 ఎత్తులో ఉంటే గోడ మీద ఆ గీత 70 దగ్గర పడనీ. 5 మీటర్లకి 20 సెంటీమీటర్లు దిగింది అంటే 22 మీటర్ల దాకా రోడ్డు వెలుగుతాది, అయినా ఎదుటోడి కంటికి తగలదు.

#10 అలిపిరి_వాలు
గీత లైటుకి నువ్వు చెప్పిందే కరెక్టు. నేను చెప్పింది టార్చికి. టార్చిని 22 మీటర్లకి ఎత్తితే మళ్లీ డిప్పర్లే. టార్చి ఉన్నోళ్లు చీకట్లో 15 దాటకుండా తొక్కడం ఒక్కటే దారి.

#11 కాణిపాకం_రోడ్డు
మా చిత్తూరు వైపు ఇంకో అవసరం ఉంది. జూన్, జూలైలో మామిడి కోతలప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోడ్డు వారగా వరస కట్టుంటాయి. ట్రాలీ వెనక ఎర్ర లైటుండదు, రేడియం ఉండదు, ఉన్నా దుమ్ము కప్పేసి ఉంటాది. అట్లాంటిది 20 మీటర్లకి కనపడాలంటే గీత లైటే. ట్రాలీ టైర్లు, కింది ఇరుసు వెలుగుతాయి, అంతే చాలు.

#12 పాలక్యాను
గీత లైటులో ఒక లోపం, రోడ్డు మీదికి వంగిన చింతకొమ్మ కనపడదు. పల్లె దారుల్లో తలకి తగిలే ఎత్తులో ఉంటాయవి.

#13 చక్రం24
దానికి టోపీ మీద చిన్న హెడ్‌లైటు పెట్టుకోవచ్చు, కానీ హ్యాండిల్ లైటుకి బదులు మాత్రం కాదు. కంటికి పక్కనే లైటు ఉంటే గుంత నీడ నీకు కనపడదు, రోడ్డంతా చదునుగా ఉన్నట్టుంటాది. లైటు ఎంత కిందుంటే గుంత నీడ అంత పొడుగ్గా పడతాది.

#14 నైట్‌డ్యూటీ_రుయా
పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు) పుత్తూరు రోడ్డు మీద తిరుమలకి నడిచొచ్చే భక్తుల్ని కూడా గుర్తు పెట్టుకోండి. తెల్లవార్లూ నడుస్తారు, ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. మొహాన మిణుకు లైటు కొడితే ఒక్క క్షణం కాలు ఎక్కడ వేస్తున్నారో వాళ్లకే తెలియదు. ముందు లైటుకి మిణుకు మోడ్ చీకట్లో వాడొద్దు.

#15 సెకండ్‌షిఫ్ట్
ముందుది అర్థమైంది. ఈ రోజు గోడ దగ్గర చూస్తే నా లైటు ఏకంగా 110 ఎత్తులో పడతా ఉండాది, అంటే ఆకాశానికే కొడతా ఉన్నా. వెనక లైటు సంగతి చెప్పండి. మిణుకుదా, నిలకడగా వెలిగేదా?

#16 బైపాస్_బాబాయ్
వెనక మిణుకుదే. లారీ డ్రైవరు దూరం నుంచి గుర్తు పట్టేది దాన్నే.

#17 చక్రం24
గుర్తు పట్టడం వరకు బాబాయ్ చెప్పింది నిజమే. కానీ చీకట్లో ఒంటరిగా మిణికే చుక్కని చూసి అది ఎంత దూరంలో ఉందో, ఏ వేగంతో పోతుందో అంచనా కట్టడం కష్టం. వెలిగినప్పుడు ఒక చోట, ఆరి మళ్లీ వెలిగేసరికి ఇంకో చోట. నిలకడ లైటయితే దూరం కొలతకి దొరుకుతుంది. జర్మనీలో సైకిల్ లైటు మిణకడమే నిషేధం.

#18 బైపాస్_బాబాయ్
మన బైపాస్ జర్మనీ కాదు నాయనా. అటూ ఇటూ దాబాల సీరియల్ సెట్లు, లారీల ఎర్ర దీపాలు, వాటి మధ్యన నిలకడగా ఒక చుక్క ఉంటే కలిసిపోతాది. రెండు పెట్టుకోమను. ఒకటి నిలకడగా, ఒకటి నెమ్మదిగా మిణికేది.

#19 చక్రం24
రెండయితే నాకూ ఒప్పుదలే. రెండో దానికి ఇంకో లాభం, ఒకటి దారిలో ఆరినా నీకు తెలియదు కదా, వెనకది నీ కంటికి కనపడదు. రాత్రికి 20 నుంచి 50 ల్యూమెన్లు చాలు. 100 పైవి పగటి ఎండకి.

#20 పాలక్యాను
ఎక్కడ పెడుతున్నామన్నది అందరూ మరిచిపోతారు. సీటు కింద పెడితే క్యారియర్ మీద టిఫిన్ సంచి, రెయిన్‌కోటు పెట్టగానే మూసుకుపోతాది. నల్ల సైకిలుకి క్యారియర్ చివర రేకు ఉంటాది, దానికి 6 మిల్లీమీటర్ల బోల్టుతో బిగించే ఎర్ర లైటు కొను. లైటు నేలకి నిట్టనిలువుగా, నేరుగా వెనక్కి చూడాలి. కిందికి వంగితే వెలుగు రోడ్డు మీద పడి, దూరంగా ఉన్నోడికి తక్కువే అందుతాది. పాలు పోసేవాళ్లకి ముందు కూడా ఇదే తిప్పలు, హ్యాండిల్‌కి క్యాన్లు తగిలిస్తే లైటుకి అడ్డం. ముందు మడ్‌గార్డ్ మీదికో, ఫోర్కు కాలికో దించుకోవాలి.

#21 డైనమో_తాత
ఇంతమంది ఇన్ని చెప్పారు, డైనమో మాట ఒక్కరూ ఎత్తలేదు. ఛార్జింగ్ గోల లేదు, దొంగ సెల్లు గోల లేదు. 6 వోల్టులు, 3 వాట్లు. టైరుకి ఆనుకుని తిరిగే సీసా డైనమో పాత సామాన్ల అంగళ్లలో ఇప్పటికీ దొరుకుతాది. ముందు బల్బు 2.4 వాట్లు, వెనక 0.6, రెండూ కలిస్తే సరిగ్గా 3.

#22 సెకండ్‌షిఫ్ట్
తాతా, మా ఇంట్లో ఒకటి పడుంది. ఎవరు బిగించినా వారానికే వెలగడం మానేస్తాది. ఎందుకని?

#23 డైనమో_తాత
నూటికి తొంభై చోట్ల తప్పు ఎర్తులోనే. వైరు ఒక్కటే పోతాది, తిరుగు దారి సైకిలు ఫ్రేమే. బిగించే క్లాంపుకి ఒక చిన్న మొనదేలిన స్క్రూ ఉంటాది చూడు, అది పెయింటుని చీల్చుకుని ఇనుముని తాకాలి. మొదట తాకుతాది, వాన నీళ్లు దిగి తుప్పు పట్టగానే తెగిపోతాది. ఆ చోట పెయింటు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, స్క్రూ బిగించి పైన కాస్త గ్రీజు రాయి. లైటు క్లాంపు దగ్గరా అంతే. ఇంకా నమ్మకం కావాలంటే రెండో వైరు లాగేయి, ఫ్రేముతో పనే లేదు.

రెండోది కోణం. డైనమో నడుమ గుండా ఒక గీత లాగితే అది చక్రం ఇరుసు నడిబొడ్డుకి పోవాలి. పక్కకి పోతే టైరు అరుగుతాది, తొక్కడం బరువెక్కుతాది. మూడోది, ముందు బల్బు మాడితే వెంటనే మార్చు. ఆ కరెంటంతా వెనక బల్బు మీద పడి అది కూడా మాడిపోతాది. వానలో డైనమో రోలర్ టైరు మీద జారుతాది, దానికి రబ్బరు టోపీ తొడిగితే చాలావరకు పట్టుకుంటాది.

#24 చక్రం24
సైకిలు ఆగితే లైటు కూడా ఆరిపోతాది కదా తాతా. సిగ్నల్ దగ్గరో, రోడ్డు దాటేటప్పుడు మధ్యలోనో ఆగినప్పుడే వెనక లైటు ఎక్కువ అవసరం.

#25 డైనమో_తాత
అది నిజం. అందుకే వెనకకి సెల్లు లైటు పెట్టు, ముందుకి డైనమో. ముందు ఎలాగూ కదిలేటప్పుడే రోడ్డు చూసుకోవాలి.

#26 సోల్డరింగ్_ఐరన్
తాత డైనమోకి పాత బల్బు పీకేసి ఎల్‌ఈడీ పెడితే వెలుగు ఎన్నో రెట్లు. డైనమో ఇచ్చేది ఏసీ, నేరుగా ఎల్‌ఈడీకి ఇవ్వకూడదు. 1ఎన్5819 డయోడ్లు నాలుగుతో బ్రిడ్జి కట్టు, అది ఏసీని డీసీ చేస్తాది. 1ఎన్4007 కూడా పని చేస్తాది కానీ రెండు డయోడ్ల మీద కలిపి 1.4 వోల్టులు పోతాయి, ఆరింట్లో అది చాలా ఎక్కువ. ఆ తర్వాత 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్. దాని మీద 3 వాట్ల ఎల్‌ఈడీలు రెండు, ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో. డైనమో అర ఆంపియరు దగ్గరే ఉంటాది, ఆ ఎల్‌ఈడీలు 700 మిల్లీ ఆంపియర్ల దాకా తట్టుకుంటాయి. వెనక అల్యూమినియం ముక్క తప్పకుండా బిగించు, లేకుంటే వేడికి మాడతాయి. ఖర్చు 150 రూపాయల్లో అయిపోతాది.

#27 బైపాస్_బాబాయ్
లైట్ల గొడవలో రేడియం మరిచిపోయారు. సెల్లు అయిపోయినా పని చేసేది అదొక్కటే. ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కలకి పసుపు. పెడల్ అంచులకి, కుదిరితే చీలమండలకి పట్టీ. పైకీ కిందికీ ఆడే రెండు మెరుపులు చూడగానే సైకిలని డ్రైవరుకి తెలిసిపోతాది, మైలురాయో కంచె రాయో అనుకోడు.

#28 నైట్‌డ్యూటీ_రుయా
స్టిక్కర్ అంగళ్లలో రేడియం అని చెప్పి ఉత్త మెరుపు కాగితం అంటగడుతున్నారు. తేడా ఎలా తెలుస్తుంది?

#29 బైపాస్_బాబాయ్
పది అడుగులు దూరం పో. ఫోను టార్చి చెంపకి ఆనించి, కంటి పక్కనే పెట్టుకుని వెలిగించు. అసలుదయితే బల్బు వెలిగినట్టు భగ్గుమంటాది. ఫోను చెయ్యి చాపి పక్కకి జరిపితే ఒక్కసారిగా ఆరిపోవాలి. వెలుగుని వచ్చిన దారినే తిప్పి పంపుతాది కాబట్టి. ఉత్త మెరుపుది రెండు చోట్లా ఒకే మాదిరి ఉంటాది. తేనెపట్టు గళ్లు కనపడే రకం లారీలకి వేసేది, అన్నింట్లోకీ మేలు. అంటించే ముందు స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వు, సాగదీయకుండా వెయ్యి, వంపు దగ్గర చిన్న ముక్కలుగా కత్తిరించు. వారానికోసారి తడిగుడ్డతో తుడువు, దుమ్ము పడితే ఉన్నా లేనట్టే.

#30 అలిపిరి_వాలు
నవంబరు వస్తోంది, మనకి అసలు వానలు అప్పుడే. డబ్బా మీద ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచి చిలికే నీళ్లకి తట్టుకునేది, జల్లుకి పర్లేదు. తుపాను వానలో గంటసేపు తొక్కాలంటే ఐపీఎక్స్6 చూడు. 7 అంటే మీటరు లోతులో అరగంట మునిగినా పర్లేదని. ఏ నంబరైనా ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా కూర్చుంటేనే. మూత కిందికి వచ్చేటట్టు లైటు బిగించు. తడిసి ఇంటికొచ్చాక వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు, మూత తీసి రాత్రంతా ఆరనీ. తడి మీద కరెంటు పెడితే పిన్నులు పచ్చగా చిలుముపడతాయి, ఆ తర్వాత ఎన్నిసార్లు గీకినా పాత పట్టు రాదు.

#31 సోల్డరింగ్_ఐరన్
వానకన్నా మన ఎండ చేసేదే ఎక్కువ. మేలో నలభై దాటిన రోజు సైకిలు ఎండలో పెట్టి లైటు దానికే వదిలేస్తే సెల్లు ఆయుష్షు తరిగిపోతాది. తీసి సంచిలో వేసుకో. లిథియం సెల్లుకి 45 డిగ్రీల పైన ఛార్జింగ్ పెట్టకూడదు, కాబట్టి డ్యూటీకి చేరగానే వేడి మీద పెట్టొద్దు, చల్లారనీ. రబ్బరు పట్టీలు కూడా ఎండకే పగులుతాయి. గోటితో లాగితే అంచున సన్నని చీలికలు కనపడితే మార్చేయి.

#32 సెకండ్‌షిఫ్ట్
ఇవ్వాళ కొన్నా. ముందుకి 350 ల్యూమెన్లది, తీసి మార్చుకునే 18650 సెల్లు, తూచి చూస్తే 46 గ్రాములు. 1150 పడింది. వెనక క్యారియర్ రేకుకి బోల్టు లైటు 350, సీటు కింద ఇంకో చిన్నది 180. లారీ రేడియం మీటరు ముక్క 90. మొత్తం 1770. గోడ మీద 45 గీతకి తెచ్చి బిగించా. రెండు చిక్కులు. హ్యాండిల్ పైపు 22 మిల్లీమీటర్లు, లైటు క్లాంపు 31.8ది, గుంతలో దిగితే చాలు కిందికి వాలిపోతా ఉండాది. ఇంకోటి, టైప్ సి రంధ్రం ఉంది గానీ నా కొత్త ఫోను ఛార్జరుకి పెడితే ఎర్ర దీపమే రాదు. లైటే పోయిందంటావా?

#33 పాలక్యాను
పాత సైకిల్ ట్యూబు రెండు వేళ్ల వెడల్పున కత్తిరించి, పౌడరు పోయేలా కడిగి, పైపు చుట్టూ బిగుతుగా చుట్టు. సుమారు 5 మిల్లీమీటర్ల మందం కావాలి, ట్యూబు మందాన్ని బట్టి మూడు నాలుగు చుట్లు పడతాయి. చివర లోపలికి మడిచి దాని మీద క్లాంపు. మరీ బలంగా బిగించకు, ప్లాస్టిక్ చెవి విరుగుతాది. మరుసటి రోజు రబ్బరు అణిగాక ఇంకో పావు చుట్టు.

#34 సోల్డరింగ్_ఐరన్
లైటు పోలేదు. రెండు పక్కలా టైప్ సి ఉండే వైరు పెట్టుంటావు. ఆ రకం ఛార్జరు, అవతల 5.1 కిలో ఓముల రెసిస్టరు కనపడితేనే కరెంటు వదుల్తాది. చవక లైట్లలో ఆ రెసిస్టర్లు పెట్టకుండా వదిలేస్తారు. ఒక పక్క పాత వెడల్పు యూఎస్‌బీ, ఇంకో పక్క టైప్ సి ఉండే వైరు, పాత ఫోను ఛార్జరు తీసుకో, వెంటనే ఎక్కుతాది.

#35 సెకండ్‌షిఫ్ట్
పాత వైరు పెట్టగానే ఎర్ర దీపం వచ్చింది. ట్యూబు నాలుగు చుట్లు పట్టింది, లైటు కదలడం లేదు. బైపాస్ మీద ఈ రాత్రి ఒక్కరు కూడా డిప్పర్ కొట్టలేదు.

#36 అలిపిరి_వాలు
రబ్బరు అణిగాక కోణం మారుంటాది. రేపు మళ్లీ గోడ దగ్గర గీత చూసుకో.